లిఫ్టు దాకా నడిచేలోపు

మా అన్నయ్యలిద్దరూ మాట్లాడుకోవడం మానేశాక మా ఇంట్లో అరుపులు వినపడటం మానేశాయి. పోట్లాట మాత్రం ఆగలేదు. అది కొట్టు నుంచి కొట్టు వెబ్‌సైటులోకి కాపురం మార్చింది.

ఆ కొట్టు మా నాన్న పెట్టింది. ఊపిరి సరిగ్గా ఆడనివాళ్ళకి ఆక్సిజన్ మిషన్లు, లేవలేనివాళ్ళకి మర తిప్పితే పైకి లేచే మంచాలు, నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు అద్దెకిస్తాం. కింద కొట్టు, పైన ఇల్లు. మిషన్లు బాగుచేయడం, ఇళ్ళకి చేర్చడం పెద్దన్నయ్య పని. ఫోన్లెత్తడం, ఎవరికి ఏది పంపాలో తేల్చడం చిన్నన్నయ్య పని. నాన్న పోయిన కొన్నాళ్ళకి ఇద్దరికీ మాటామాటా పెరిగింది. కారణం ఏమిటని అడిగితే ఇద్దరూ చెప్పేవాళ్ళు. కాకపోతే ఒకడు చెప్పిన కారణానికీ ఇంకొకడు చెప్పిన కారణానికీ ఎక్కడా పొంతన ఉండేది కాదు. ఆనాటి నుంచీ ఒకే కొట్లో, ఎదురెదురు బల్లల దగ్గర, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వ్యాపారం చేసుకొచ్చారు. అదెలా కుదురుతోందని బయటివాళ్ళు అడిగేవాళ్ళు. మేం అడగలేదు. కుదురుతోంది కదా, కదిలించడం దేనికని ఊరుకున్నాం.

అమ్మ అప్పట్లోనే ఇంటికొక చట్టం చేసింది. ఒకడు పెట్టింది ఇంకొకడు తీయకూడదు, నచ్చకపోతే తనది పక్కన పెట్టుకోవాలి. దాంతో కొట్లో రెండు గడియారాలు, రెండు క్యాలెండర్లు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు రకాల కుర్చీలు చేరాయి. గడియారాలు ఏనాడూ ఒకే టైము చూపించలేదు. ఎవరి గడియారం చూసుకుని వాళ్ళు భోజనానికి పైకి వచ్చేవాళ్ళు, అమ్మ రెండుసార్లు వడ్డించేది. వదినలిద్దరికీ ఏ గొడవా లేదు. కలిసి కూర్చుని ఎవరి మొగుణ్ణి వాళ్ళు హాయిగా తిట్టుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. అమ్మ దగ్గరే పై గదిలో ఉండేదాన్ని, ఇంట్లోంచే ఉద్యోగం చేసేదాన్ని. ఉద్యోగమేమిటంటే, మెల్లగా తెరుచుకునే వెబ్‌సైట్లని చప్పున తెరుచుకునేలా చేయడం. పేజీకి రంగులూ అక్షరాలూ ఎలా ఉండాలో చెప్పే ఫైళ్ళని స్టైల్‌షీట్లంటారు. పేజీలో కదిలేవీ తిరిగేవీ అన్నిటినీ ఆడించే ఫైళ్ళు స్క్రిప్టులు. ఇవి బలిసిపోతే పేజీ కదలదు. ముక్కూమొహం తెలియని కంపెనీల ఫైళ్ళని చిక్కించడం నా పని. మా కొట్టు సైటు జోలికి మాత్రం పోలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, సరిగ్గా అదే బాపతు. పోకపోవడానికి కారణం కూడా ఉంది. ఆ సైటు తాళాలు, అంటే పాస్‌వర్డులు, అన్నయ్యలిద్దరి దగ్గరా ఉండేవి, ఆ మధ్యలో వేలు పెట్టినవాళ్ళ వేలు నలుగుతుందని అందరికీ తెలుసు.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. పొగమంచు పట్టిన రోజుల్లో ఊపిరి అందనివాళ్ళు ఎక్కువవుతారు, మా కొట్టుకి అదే సీజను. సీజను మొదట్లోనే పెద్దాసుపత్రి హెడ్ నర్సు నాకు కబురు చేసింది. మీ అన్నయ్యలకి చెప్పి చెప్పి విసిగిపోయాను, ఒకసారి నువ్వు రా అంది.

వెళ్ళాను. వార్డు బయట పొడుగాటి వరండా, ఈ చివర ఆవిడ బల్ల, ఆ చివర లిఫ్టు. లిఫ్టు పక్క గోడకి ఒక బోర్డు ఉంది. మిషన్లు అద్దెకిచ్చేవాళ్ళ పేర్లు, సైటు అడ్రసులు అందులో ఉంటాయి. మొదటి పేరు మాది, నాన్న ఉన్నప్పుడు రాయించింది. హెడ్ నర్సు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తన ఫోన్లో మా సైటు నొక్కి, ఫోన్ నాకు కనపడేలా పట్టుకుని, నడవమని సైగ చేసింది. తెల్లటి పేజీ, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న గుర్తు. అలాగే లిఫ్టు దాకా నడిచాం. లిఫ్టు కిందికి వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఎవరో ఎక్కారు, మూసుకుంది, పైకి వెళ్ళిపోయింది. మా పేజీ మాత్రం తెరుచుకోలేదు.

"డిశ్చార్జి చేశాక పేషెంటు తాలూకు వాళ్ళు ఇక్కడే నిలబడి మిషన్ వెతుక్కుంటారు," అంది. "ఈ గోడల్లో సిగ్నల్ అంతంతమాత్రం. వాళ్ళ దగ్గరుండేవి పాత ఫోన్లు. ఈ చలిలో మీ ఫోన్ లైను దొరకదు. మీ నాన్నగారి మీద గౌరవం కొద్దీ ఇన్నాళ్ళూ ఓపిక పట్టానమ్మా. నెలాఖరుకి ఈ బోర్డు మార్చి రాయిస్తున్నాను. బల్ల దగ్గర నొక్కితే లిఫ్టు దాకా నడిచేలోపు మీ పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే మీ పేరు ఉండదు."

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఆ వరండాలోంచి వచ్చేవాళ్ళే. అంతకన్నా భయం ఇంకొకటి ఉంది. ఆసుపత్రి బేరాలు పోతే ఇక కలిసి ఉండటం దేనికి, కొట్టు చెరిసగం చేసుకుందామని అన్నయ్యలిద్దరూ ఎవరికి వాళ్ళు అమ్మతో అనేశారు. కొట్టు చెరిసగం అంటే ముందు మిషన్లు పంచుకుంటారు. తర్వాత పైన గదులు. తర్వాత మెట్లు ఎవరివో తేలాలి. ఆఖర్న అమ్మ. ఆవిణ్ణి ఎవరి వాటాలో వేస్తారు? ఇది జరగనివ్వనని ఆ లిఫ్టు ముందు నిలబడే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, నాన్న పాత డైరీలో రాసిపెట్టిన పాస్‌వర్డుతో సైటు ఫైళ్ళు తెరిచాను.

స్టైల్‌షీట్లకి ఒక గుణం ఉంది. ఒకే విషయం గురించి రెండు రూళ్ళుంటే కింద రాసిందే చెల్లుతుంది. మా పెద్దన్నయ్య, పేజీలో నొక్కితే కొట్టుకి ఫోన్ కలిపే మీటకి నీలం రంగు వేశాడు. అమ్మ చట్టం ప్రకారం చిన్నన్నయ్య దాన్ని తీయలేదు, ఇంకో ఫైలు కింద పెట్టి ఆకుపచ్చ వేశాడు. పెద్దన్నయ్య ఆ కింద మరో ఫైలు పెట్టాడు. ఎక్కడ రాసినా సరే ఇదే చెల్లాలని చెప్పే గుర్తొకటి ఉంటుంది, చిన్నన్నయ్యకి అది ఎక్కడో దొరికింది. నాలుగు రోజుల్లో అది పెద్దన్నయ్యకీ దొరికింది. ఇక ఫైళ్ళ నిండా అవే గుర్తులు. పెద్దన్నయ్య మిషన్ల ఫొటోలు తిప్పే స్క్రిప్టు పెడితే, చిన్నన్నయ్య ఆ ఫొటోలు దాచేసి, అద్దెకు తీసుకున్నవాళ్ళ మెచ్చుకోళ్ళు తిప్పే స్క్రిప్టు పెట్టాడు. పెద్దన్నయ్య ఆ మెచ్చుకోళ్ళని దాచేశాడు. దాచినంత మాత్రాన బరువు తగ్గదు. కనపడనివన్నీ కూడా పేజీతోపాటు దిగాల్సిందే. అంటే, తల్లిని ఇంటికి తీసుకెళ్ళడానికి మిషన్ వెతుక్కునే ఆడపిల్ల పాత ఫోన్లోకి మా అన్నదమ్ముల తగాదా మొత్తం మొదటినుంచీ దిగుతోందన్నమాట. ఇవి చాలవన్నట్టు, నాన్న హయాంలో పెట్టిన ఒక చాట్ పెట్టె ఉంది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా పేజీ మాత్రం ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంటి తలుపు తట్టి, జవాబు కోసం నిలబడి, ఆ తర్వాతే ముందుకు కదులుతోంది.

రూళ్ళ మధ్య కామెంట్లున్నాయి. కామెంటంటే కంప్యూటర్ పట్టించుకోకుండా దాటేసే రాత, మనుషుల కోసం రాసుకునేది. ఈ నీలం మార్చొద్దు, చూపు ఆననివాళ్ళకి ఇదే తెలుస్తుంది అని పెద్దన్నయ్య రాశాడు. చూపు ఆననివాళ్ళు కాదు ఫోన్ చూసేది, వాళ్ళ కూతుళ్ళు అని చిన్నన్నయ్య. కూతుళ్ళకి నీలం కనపడదా అని పెద్దన్నయ్య. మా అమ్మాయిని అడిగాను, ఆకుపచ్చే అంది అని చిన్నన్నయ్య. మీ అమ్మాయి నీ పోలికే అని పెద్దన్నయ్య. నవ్వొచ్చింది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళు ఒక ఇంట్లో ఒకడుంటే సరిపోతుంది, మాకు ఇద్దరు. పై నుంచి కాస్త దూరం చదివి, మిగతాదీ ఇదే గోల అయ్యుంటుందని వదిలేశాను.

అమ్మ చట్టం దాటాలంటే అమ్మనే అడగాలి. వంటింట్లో నిలబడి అంతా చెప్పాను. ఫైళ్ళన్నీ కలిపి ఒకటి చేస్తాను, చెల్లని రూళ్ళు పీకేస్తాను, వాళ్ళు పెట్టినవి చాలావరకు పోతాయి అన్నాను. వాళ్ళని అడిగావా అంది అమ్మ. అడిగితే ఇద్దరూ వద్దంటారు, ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట అన్నాను. అమ్మ తోముతున్న గిన్నె కడిగి బోర్లించింది.

"బోర్డు మీద పేరు పోతే ఈ చట్టం ఎవరికోసమే," అంది ఆఖర్న. "తీసెయ్. ఎవడైనా అడిగితే నా పేరు చెప్పు."

"నీ పేరు చెప్పను. నా పేరే చెప్తాను," అన్నాను.

ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పట్టుకున్నాను. పని కష్టమైనది కాదు, విసుగైనది. ఒక్కో రూలు పేజీకి పనికొస్తోందో లేదో చూడటం, ఎప్పుడో ఓడిపోయి ఊరికే పడున్నవాటిని ఏరిపారేయడం. తిప్పుడు స్క్రిప్టులు రెండూ తీసేశాను. దాచిన ఫొటోలు తీసేసి, పనికొచ్చేవాటిని చిన్నవి చేశాను. చాట్ పెట్టెకి దండం పెట్టి సాగనంపాను. పేజీ మొదట కనపడటానికి కావలసిన నాలుగు రూళ్ళూ పేజీలోనే ముందు పెట్టి, మిగతావి వెనకాల నిదానంగా రమ్మన్నాను. బుకింగ్‌కి పనికొచ్చే స్క్రిప్టుని పేజీ కనపడ్డాకే కదలమని చెప్పాను. అంతా అయ్యాక, ఖాళీ జాగాలూ కామెంట్లూ పీకేసి ఫైలుని గట్టిగా కుదించే పనిముట్టు ఒకటుంటుంది, దాని గుండా పంపాను, ఇకమీదట ఎవరు ఏం రాసి ఎక్కించినా దాని గుండానే వెళ్ళేలా పెట్టాను. ఏ పని మొదలుపెట్టినా పాతది ఒక నకలు తీసి దాచుకోవడం నా అలవాటు, అది ముందే చేశాను. మీట రంగు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆలోచించాను. నీలమూ వద్దు, ఆకుపచ్చా వద్దని నలుపు వేశాను.

పరీక్షకి అమ్మ పాత ఫోన్ తీసుకున్నాను. మెట్ల కింద విరిగిన మంచాలు పెట్టే గదిలో సిగ్నల్ దాదాపు ఉండదు, అదే మా వరండా. ఈ గోడ బల్ల, ఆ గోడ లిఫ్టు. అమ్మ ఫోన్ పట్టుకుని నడిచేది, నేను చూసేదాన్ని. మొదటిరోజు తెరుచుకోలేదు. ఇంకా బరువు తీశాను. రెండో రోజు గోడ దగ్గరికి చేరుతుండగా తెరుచుకుంది. అమ్మ మొహం వెలిగిపోయింది. నాకు అనుమానం వచ్చి మళ్ళీ నడవమన్నాను. నాకు సాయం చేద్దామని ఆవిడ అడుగులో అడుగేసుకుంటూ నడుస్తోంది.

"అమ్మా, నర్సులు అంత మెల్లగా నడవరు."

"పాపం, ఆవిడకీ మోకాళ్ళుంటాయి కదే," అంది అమ్మ.

మళ్ళీ కూర్చున్నాను. అక్షరాలు అందంగా కనపడాలని ఇద్దరూ చెరొక ఫాంటుని ఎక్కడెక్కడి నుంచో తెప్పిస్తున్నారు, అది అప్పటిదాకా నా కంట పడలేదు. అవి తీసేసి ఫోన్లో ఎలాగూ ఉండే అక్షరాలే వాడాను. ఈసారి అమ్మని గబగబా నడిపించాను. సగం గదిలోనే పేజీ తెరుచుకుంది. సోమవారం పొద్దున కొట్టు తెరవకముందే కొత్తది ఎక్కించేశాను.

ఇద్దరూ కంప్యూటర్లు తెరిచారు. పెద్ద గొడవకి సిద్ధపడి పైన కూర్చున్నాను. ముందు పెద్దన్నయ్య వచ్చాడు. సైటుకి ఏం చేశావన్నాడు. నర్సు పెట్టిన గడువు గురించి చెప్పి, వేగంగా చేశానన్నాను. నీలం ఏదన్నాడు. పోయిందన్నాను. గుమ్మంలోనే నిలబడి, అడుగున రాతలేవో ఉండాలే అన్నాడు. ఏ రాతలన్నాను. ఏం లేదులే అని దిగిపోయాడు. కాసేపటికి చిన్నన్నయ్య వచ్చాడు. ఆకుపచ్చ ఏదన్నాడు. పోయిందన్నాను. వెళ్ళబోతూ ఆగి, ఫైలు చివర ఏమీ మిగల్లేదా అన్నాడు. ఏం మిగలాలన్నాను. ఏం లేదులే అని అతనూ దిగిపోయాడు. ఇంత సులువుగా వదిలారేమిటా అని నేను ఆశ్చర్యపోయాను.

ఆ వారం కొట్లో ఏదీ సవ్యంగా సాగలేదు. ఒకే ఇంటికి మంచం రెండుసార్లు వెళ్ళింది. చక్రాల కుర్చీ కోసం చూసి చూసి ఒక ముసలాయన మనవడి వీపెక్కి మా కొట్టుకే వచ్చేశాడు. ఉన్న మిషన్ లేదని ఒకరిని పంపేశారు. సీజను ఒత్తిడి అనుకున్నాను. సైటు వేగం పెరిగాక ఫోన్లూ పెరిగాయి మరి. అన్నయ్యలిద్దరూ మొహాలు మాడ్చుకుని తిరిగేవాళ్ళు, ఎవరూ ఏమీ చెప్పేవాళ్ళు కాదు.

శుక్రవారం మధ్యాహ్నం ఏదో పని మీద కొట్లోకి దిగాను. చిన్నన్నయ్య ఫోన్లో ఉన్నాడు. అవతల ఎవరో ఆడమనిషి గాభరాగా మాట్లాడుతోంది. ముందురోజు పెద్దన్నయ్య లేనప్పుడు చిన్నన్నయ్య ఆటోలో ఎక్కించి పంపిన మిషన్ ఆగకుండా కూత పెడుతోందట, ఆవిడ తల్లి బెదిరిపోయి ముక్కు గొట్టం పీకేసుకుంటోందట. చిన్నన్నయ్య నిదానంగా, మిషన్‌తో పాటు ఇచ్చిన చిన్న సిలిండర్ పెట్టమని, మేం బయల్దేరుతున్నామని చెప్పి ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి ఎదురు బల్ల వైపు చూశాడు.

"కిటికీ పక్కనున్న మిషన్ పంపావా?" అన్నాడు పెద్దన్నయ్య.

ఎవరితో అంటున్నాడోనని నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు.

"పంపాను," అన్నాడు చిన్నన్నయ్య.

"పంపొద్దని రాశాను."

"ఎక్కడ?"

"రాసేచోటే."

"అక్కడ సోమవారం నుంచీ ఏమీ ఉండట్లేదు. రాస్తే పోతోంది."

"నాదీ పోతోంది," అన్నాడు పెద్దన్నయ్య.

అప్పుడు ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నాకప్పుడు అర్థమైంది. నేను చదవకుండా వదిలేసిన ఫైలు చివర, రంగుల తగాదాలన్నీ అయిపోయాక, ఇద్దరూ రోజూ కొట్టు పనులు రాసుకుంటున్నారు. ఏ మిషన్ చెడింది, ఏ ఇంటికి ఏది వెళ్ళాలి, ఏది వెనక్కి వచ్చింది, అన్నీ. మాట్లాడటం కాదు కదా, రాయడమే కదా అని ఇద్దరి పౌరుషమూ ఒప్పుకుంది కాబోలు. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, లోకంలో ఎవరూ చూడని చోట రాసుకుంటూ వ్యాపారం నడిపారు. సోమవారం పొద్దున నేను ఒక్క మీట నొక్కి అదంతా ఊడ్చేశాను. ఆ తర్వాత వాళ్ళు రాసిన ప్రతిదాన్నీ నా పనిముట్టు పొల్లుపోకుండా ఏరిపారేసింది. పౌరుషానికి పోయి ఇద్దరిలో ఒక్కడూ నోరు విప్పలేదు.

నన్ను తిట్టడానికి వాళ్ళకి తీరిక లేదు. పెద్దన్నయ్య వేరే మిషన్ ఎత్తుకున్నాడు. "తాళాలు," అన్నాడు. చిన్నన్నయ్య బండి తాళాలు అందించి, "ఇల్లు నాకు తెలుసు, సందు మలుపు కనపడదు," అన్నాడు. ఇద్దరూ బండిలో ముందు సీట్లలో కూర్చుని వెళ్ళారు. నేను కొట్టు గుమ్మంలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూశాను. సాయంత్రానికి తిరిగొచ్చారు. ఆ ముసలావిడ కుదురుగా ఉందని, కూత పెట్టింది మిషన్లో గాలి వడకట్టే జల్లెడ మూసుకుపోవడం వల్లనని ఇద్దరిలో ఎవరో చెప్పారు.

ఆ మర్నాటి నుంచి నాకు మొదలైంది. పెద్దన్నయ్య వచ్చి, ఆ పాత ఫైలు ఒకసారి ఇవ్వు చిట్టీ అన్నాడు. ఇవ్వనన్నాను. చిన్నన్నయ్య వచ్చాడు. సైటులో పెట్టక్కర్లేదు, పక్కన ఎక్కడైనా పెట్టు, మేం అక్కడే చూసుకుంటాం అన్నాడు. అది కుదరదా అంటే భేషుగ్గా కుదురుతుంది, పేజీ వేగానికి వెంట్రుకవాసి తేడా రాదు. నకలు నా దగ్గర భద్రంగా ఉంది. అయినా ఇవ్వనన్నాను. ఎందుకివ్వవన్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని అడగడానికి ఫైలు దేనికన్నాను. చిన్నన్నయ్య మొహం ఎర్రబడింది. ఆ పూటే కింద, చూశావా దీని పొగరు అని ఒకడంటే, నాన్న గారాబం చేసి చెడగొట్టాడు అని ఇంకొకడనడం నా చెవిన పడింది. నన్ను తిట్టడానికైనా ఇద్దరూ ఒక్కటయ్యారు, నాకంతకన్నా కావలసిందేముంది.

అమ్మ కూడా వచ్చింది. అన్నిటికన్నా అదే కష్టమైంది.

"ఇచ్చెయ్యవే," అంది నా మంచం మీద కూర్చుని. "అందులో రాసుకునేవాళ్ళట కదా. నాకిన్నాళ్ళూ తెలియదు. ఆ కాస్త మాటైనా ఉండనీ."

"అది ఉంటే నోరు తెరవరమ్మా."

"లేకపోతే మాత్రం తెరుస్తారనేముంది? విడిపోతేనో?"

"విడిపోతే నన్ననండి. నేను పడతాను. ఫైలు మాత్రం ఇవ్వను," అన్నాను.

నాకు భయం లేక కాదు. అమ్మ కళ్ళలోకి చూడలేక కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను. మళ్ళీ ఏ మిషన్ తప్పు ఇంటికి వెళ్తుందోనని నెలాఖరు దాకా రోజుకొకసారైనా కిందికి దిగి చూసేదాన్ని. మళ్ళీ ఏదీ తప్పు ఇంటికి వెళ్ళలేదు. ముందు ముక్కలు ముక్కలుగా మాటలు పడ్డాయి. మంచం వెళ్ళిందా, వెళ్ళింది. కుర్చీ వచ్చిందా, చక్రం పోయింది. తర్వాత చక్రం ఎలా పోయిందనే దగ్గర వాదన మొదలైంది. వాదనకి ముక్కలు చాలవు కాబట్టి పూర్తి వాక్యాలు రావాల్సి వచ్చింది.

నెలాఖరున ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం, ఒకే బండిలో. హెడ్ నర్సు మమ్మల్ని చూసి తల ఊపింది. నేను నా ఫోన్ తీయబోతే వద్దంది, తన ఫోన్ కూడా తీయలేదు. బల్ల దగ్గర డిశ్చార్జి కాగితాల కోసం ఒకతను నిలబడి ఉన్నాడు. చేతిలో అద్దం పగిలిన ఫోన్ ఉంది. ఒక్క నిమిషం ఇస్తారా అని అడిగి తీసుకుంది. మా సైటుని ఎన్నడూ చూడని ఫోన్ అది. నొక్కి, నడక మొదలుపెట్టింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులేమీ లేవు. పెద్ద పెద్ద అంగలు వేసింది. ముగ్గురం వెనకాలే పరుగులాంటి నడక నడిచాం. తెల్లటి పేజీ. గుండ్రంగా తిరిగే గుర్తు. వరండా మధ్యలో మందుల బండి అడ్డమొస్తే ఆవిడ ఆగకుండా పక్కనుంచి వెళ్ళింది. ఆ బండి దాటేటప్పటికి పేజీ తెరుచుకుంది. కొట్టు పేరు, ఖాళీగా ఉన్న మిషన్లు, ఫోన్ మీట, అంతా ఉంది. లిఫ్టు ఇంకా చాలా దూరంలో ఉంది.

హెడ్ నర్సు ఆగింది. వేలితో పైకీ కిందికీ జరిపి చూసింది. ఫోన్ ఇచ్చేయడానికి వెనక్కి తిరుగుతూ, "పేరు ఉంటుంది," అంది.

నేను గోడకి ఆనుకున్నాను. ఇన్ని రోజుల అలసట ఒక్కసారిగా మీద పడింది. అన్నయ్యలు నాకేదో ఒక మంచిమాట చెప్తారనుకున్నాను. పెద్దన్నయ్య మాత్రం ఆ ఫోన్ వెళ్తున్న వైపే చూస్తూ, ఆ మీట నల్లగా బొగ్గులా ఏమిటన్నాడు. నీలం కన్నా నయమే అన్నాడు చిన్నన్నయ్య. నీలానికేం తక్కువన్నాడు పెద్దన్నయ్య. ఇక అక్కణ్ణుంచి మొదలు. చూపు ఆననివాళ్ళు వచ్చారు, కూతుళ్ళు వచ్చారు, నాన్న వచ్చాడు, నాన్న పోయాక ఆ రోజు ఎవరు ముందు ఏమన్నారో అదీ వచ్చింది. ఇది ఆసుపత్రి, బయటికి వెళ్ళి అరుచుకోండని నర్సు చెప్పాల్సి వచ్చింది. బయటికి వెళ్ళి అరుచుకున్నారు. బండిలో అరుచుకున్నారు. వెనక సీట్లో కూర్చున్న నన్ను ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం అడిగారు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. వాళ్ళిద్దరూ అరుచుకుంటూనే కొట్లోకి వెళ్ళిపోయారు. అమ్మ నన్ను పైకి తీసుకెళ్ళి తలుపు దగ్గర నిలబెట్టి, ఏమైందని అడిగింది. బోర్డు మీద పేరు ఉంటుందన్నాను.

"అది సరేలే," అంది. "వాళ్ళిద్దరూ ఏమిటి?"

"దారి పొడుగునా పోట్లాడుకున్నారు."

"నోటితోనా?"

"నోటితోనే," అన్నాను.

అమ్మ అక్కడే నేల మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. గొంతులు పైదాకా వస్తున్నాయి, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని తలుపు మూయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.